బాయి బూట్లు

ప్రక్రియ: వైజ్ఞానిక వ్యాసం

ఉద్దేశం

నిత్యజీవితంలో అల్పమని తోచే పనులలో సైతం శాస్త్రం, శ్రమ, బాధ్యత ఇమిడి ఉంటాయని విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం. బొగ్గుగని కార్మికుల కుటుంబాలు తడిసిన బూట్లను, చేతి తొడుగులను ఆరబెట్టుకొనే తీరును ఆధారంగా చేసుకొని, నీరు ఆవిరి కావడంలోని సూత్రాలను, కార్మికుని దేహారోగ్యానికి వాటితో గల సంబంధాన్ని ఇది వివరిస్తుంది.

నేపథ్యం

గోదావరి లోయలోని బొగ్గు నిక్షేపాలను 1871లో భూగర్భ శాస్త్రజ్ఞుడు డాక్టర్ విలియం కింగ్ ఇల్లెందు పరిసరాలలో గుర్తించాడు. 1886లో ఏర్పడిన హైదరాబాద్ (దక్కన్) కంపెనీ తవ్వకాలకు పూనుకొన్నది. 1920లో అది సింగరేణి కాలరీస్ కంపెనీగా మారింది. 1960వ దశకం ఆరంభంలో రామగుండం ప్రాంతంలో గనులు వెలిశాయి. గోదావరిఖని అనే పట్టణానికి ఆ గనులే పేరునూ, బ్రతుకునూ ఇచ్చాయి. నేడు పెద్దపల్లి జిల్లాలో ఉన్న రామగిరి కొండ ప్రాచీనమైన కోటకు, ఔషధ మొక్కలకు పేరు పొందింది. ఆ కొండకు చేరువలోనే రామగుండం-3 ఏరియా గనులు, కార్మికులు నివసించే సెంటినరీ కాలనీ ఉన్నాయి.

పాఠ్యభాగం

శ్రావణ మాసం. మూడు రోజులుగా ముసురు విడవలేదు. రామగిరి కొండ సగానికి పైగా మబ్బులో మునిగి ఉన్నది. రాత్రి షిఫ్టు ముగించుకొని తెల్లవారుజామున ఇల్లు చేరిన కార్మికుడు గడప బయటనే కూర్చుండి బూట్ల తాళ్ళు విప్పుతాడు. బూటును వంచగానే నల్లని నీరు ధారగా కారుతుంది. మేజోళ్ళను పిండితే మరికొంత నీరు. పాదాలు తెల్లగా నాని ముడుతలు పడి ఉంటాయి. అతడు స్నానం చేసి, ఇంత తిని నిద్రకు ఉపక్రమిస్తాడు. ఆ బూట్లు మాత్రం నిద్రపోవడానికి వీలు లేదు. అవి మళ్ళీ రాత్రికి సిద్ధం కావాలి.

చట్టం ప్రకారం భూగర్భంలో పనిచేసే కార్మికుని రోజు పని ఎనిమిది గంటలకు మించరాదు. అంటే ఇంటికి మిగిలేవి పదహారు గంటలు. రాకపోకలకు, హాజరు వేయించుకోవడానికి పట్టే కాలాన్ని తీసివేస్తే అంతకంటె తక్కువే. ఎనిమిది గంటలలో తడిసినది పదహారు గంటలలోపు ఆరాలి. ఎండాకాలంలో ఇది సమస్యే కాదు. ముసురు పట్టిన నాడు ఇదే ఇంటిల్లిపాదికీ పరీక్ష. "బూట్లు బోర్లించినవా బిడ్డా?" అని తల్లి అడుగుతుంది. "బోర్లించిన అమ్మా, కాయితం గూడ మార్చిన" అని కొడుకు బదులిస్తాడు. గని కార్మికుల ఇండ్లలో పిల్లలకు చిన్ననాటనే అలవడే పనులలో ఇది ఒకటి.

ఈ ప్రాంతంలో గనిని జనులు 'బాయి' అంటారు. గనిలో పనికి పోవడం 'బాయికి పోవుడు'. బావి అనే మాటకు ఇది వాడుకరూపం. ఈ పేరులో గొప్ప ఔచిత్యం ఉన్నది. భూమిని లోతుగా తవ్విన చోట నీరు ఊరక మానదు. బొగ్గు పొరల నడుమ ఇసుకరాతి పొరలు ఉంటాయి. వర్షపు నీరు నేలలోకి ఇంకి, ఆ రాతి సందులలో నిలిచి, గని ఏర్పడగానే పైకప్పు నుండి చుక్కలుగాను, గోడల నుండి చెమ్మగాను దిగివస్తుంది. ఆ నీటిని గుంతలలోకి మళ్ళించి పంపులతో పైకి తోడుతూనే ఉండాలి. దుమ్ము లేవకుండా చల్లే నీరు దీనికి తోడవుతుంది. లోపలి ఉక్కకు శరీరం కార్చే చెమట మరొక ఊట. మనిషి దేహంలో స్వేదగ్రంథులు మిక్కిలి దట్టంగా ఉండే చోట్లలో అరచేతులు, అరికాళ్ళు ముఖ్యమైనవి. అందువల్ల నీరు లేని గనిలో పనిచేసినవాని బూట్లు కూడ లోపలి నుండి తడుస్తాయి.

గనిలో నీరు ఒక అసౌకర్యం మాత్రమే కాదు. 2003 జూన్ 16న గోదావరిఖనిలోని 7 ఎల్.ఇ.పి. గనిలోకి నీరు ఒక్కసారిగా చొచ్చుకొని రాగా 17 మంది కార్మికులు అసువులు బాసారు. అటువంటి జలోపద్రవాన్ని తలచుకొన్నప్పుడు బూటులో చేరిన గుక్కెడు నీరు లెక్కలోనికి రానిదిగా తోస్తుంది. కాని ప్రాణాపాయం ఏనాడో ఒకనాడు వస్తుంది. తడి మాత్రం ప్రతిదినం వస్తుంది. ప్రతిదినం వచ్చేది కనుకనే దానిని ఎవరూ పట్టించుకోరు.

తడి బూటు పాదానికి చేసే కీడు క్రమక్రమంగా జరుగుతుంది. చర్మం పైపొర చాలాసేపు నీటిలో నానితే మెత్తబడి తన పటుత్వాన్ని కోల్పోతుంది. అప్పుడు బూటు అంచు కొద్దిగా ఒరసినా పుండు పడుతుంది. వేళ్ళ సందులలో బూజు జాతికి చెందిన సూక్ష్మజీవులు స్థిరపడి దురదను, మంటను, పగుళ్ళను కలిగిస్తాయి. ఆ పగుళ్ళు ఇతర రోగక్రిములకు వాకిళ్ళవుతాయి. ఎలుకల మూత్రంతో కలుషితమైన నీటి ద్వారా వ్యాపించే లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం గాయపడిన చర్మం గుండానే దేహంలోకి ప్రవేశించగలదు. ఈ వ్యాధికి మూలమైన క్రిమిని 1915 ప్రాంతంలో జపాన్ శాస్త్రజ్ఞులు ఇనాడా, ఇడో గుర్తించినప్పుడు వారు పరీక్షించిన రోగులలో బొగ్గుగని కార్మికులు ఉండడం గమనింపదగినది. మధుమేహం ఉన్నవారికి పాదాల స్పర్శ తగ్గి ఉంటుంది. కనుక వారు చిన్న పుండునైనా ఉపేక్షించరాదు.

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో (1914-18) కందకాలలో రోజుల తరబడి చలినీటిలో నిలిచిన సైనికుల పాదాలు వాచి, స్పర్శ కోల్పోయి, కొందరికి కుళ్ళిపోయి తీసివేయవలసి వచ్చింది. ఆ వ్యాధికి 'కందకపు పాదం' అనే అర్థమిచ్చే పేరు ఏర్పడింది. సేనాధికారులు కనుగొన్న విరుగుడులో ఖరీదైన మందులు లేవు. రోజూ పాదాలను తుడిచి పరీక్షించుకోవడం, పొడి మేజోళ్ళు మార్చుకోవడం - ఇవే ముఖ్యమైనవి. ఒక మహాయుద్ధం నేర్పిన ఆ పాఠమే కంపెనీ క్వార్టరు వరండాలో నిశ్శబ్దంగా అమలు జరుగుతూ ఉంటుంది.

ఇక ఆరడం అంటే ఏమిటో విచారించాలి. తడి ఎక్కడికీ మాయం కాదు. నీరు ఆవిరిగా మారి గాలిలో కలుస్తుంది. ఇందుకు రెండు వనరులు కావాలి. మొదటిది వేడి. సాధారణ ఉష్ణోగ్రత వద్ద ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 580 కేలరీల వేడిని గ్రహిస్తుంది. తడిబట్ట తాకితే చల్లగా ఉండడానికి ఇదే కారణం. రెండవది, ఆ ఆవిరిని స్వీకరించే చోటు గాలిలో ఉండాలి. గాలి మోయగలిగిన ఆవిరికి ఒక పరిమితి ఉన్నది. ఆ పరిమితి ఉష్ణోగ్రతతో పాటు పెరుగుతుంది. 30 డిగ్రీల సెల్సియస్ వద్ద ఒక ఘనమీటరు గాలి సుమారు 30 గ్రాముల ఆవిరిని మాత్రమే భరించగలదు. 45 డిగ్రీల వద్ద అదే గాలి సుమారు 65 గ్రాములను భరిస్తుంది.

ఒక చిన్న లెక్కతో ఈ విషయం తేటతెల్లమవుతుంది. ఒక జత బూట్లలో 200 గ్రాముల నీరు ఇంకి ఉన్నదనుకొందాం. ముసురు రోజున ఉష్ణోగ్రత 30 డిగ్రీలు, గాలిలో తేమ 90 శాతం అయితే, ఆ గాలి 27 గ్రాముల ఆవిరితో ముందే నిండి ఉంటుంది. ఇంకా స్వీకరించగలిగేది ఘనమీటరుకు 3 గ్రాములే. కనుక 200 గ్రాముల తడి పోవడానికి కనీసం 67 ఘనమీటర్ల గాలి బూట్లను తాకి వెళ్ళాలి. మూడు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తు గల గదిలో ఉండే గాలి 27 ఘనమీటర్లు. అంటే తలుపులు మూసిన గదిలోని గాలి అంతా తడితో నిండిపోయినా బూట్లు సగమైనా ఆరవు. మే నెలలో రామగుండం ఎండ 45 డిగ్రీలకు చేరి తేమ 20 శాతానికి పడిపోయిన రోజున ఒక్కొక్క ఘనమీటరు సుమారు 52 గ్రాములను పీల్చుకొంటుంది. అప్పుడు నాలుగు ఘనమీటర్ల గాలి చాలు. ఎండాకాలంలో గంటలలో ముగిసే పని వానాకాలంలో రోజులు పట్టడంలోని మర్మం ఇదే.

ఈ లెక్క నుండి ఒక నీతి వెలువడుతుంది. ముసురు రోజున బూటుకు కావలసినది వేడికంటె ముందుగా కదిలే గాలి. కిటికీలు మూసి గదిని వెచ్చగా ఉంచడంకంటె, కిటికీ తెరచి పంకా క్రింద పెట్టడం మేలు. ఈ సత్యం గనికి క్రొత్తది కాదు. భూగర్భ గనులలో తడిబల్బు ఉష్ణోగ్రత 33.5 డిగ్రీలు మించరాదని, 30.5 డిగ్రీలు దాటిన చోట గాలి సెకనుకు కనీసం ఒక మీటరు వేగంతో వీచాలని బొగ్గుగనుల నిబంధనలు 1957 లోనే విధించాయి. చెమట ఆరకపోతే మనిషి దేహం చల్లబడదు. చెమట ఆరాలంటే గాలి కదలాలి. కార్మికుని దేహానికి వర్తించే సూత్రమే అతని బూటుకూ వర్తిస్తుంది.

నిజానికి బూటు కూడ ఒక చిన్న బాయియే. దానికి ఒకటే ముఖద్వారం. వేళ్ళు ఉండే కొస మూసుకొనిపోయిన సొరంగం వంటిది. అక్కడి గాలి తడితో నిండి కదలక నిలిచి ఉంటుంది. గనిలో బొగ్గు కొట్టే కొసకు గాలి తనంత తాను చేరదు. గుడ్డ అడ్డుతెరలతోనో, అదనపు పంకాలతోనో దానిని అక్కడికి నడిపిస్తారు. మంచి గాలి వచ్చే దారి ఒకటి, చెడుగాలి పోయే దారి మరొకటి ఏర్పరుస్తారు. బూటు విషయంలోనూ అంతే. కొసదాక గాలి చేరే ఉపాయం చేయకుండా బయట ఎంత తుడిచినా ప్రయోజనం లేదు. పైకి పొడిగా కనిపించే బూటు లోపల వేళ్ళ దగ్గర చల్లగా, జిగటగా ఉండడం అందరికీ అనుభవంలో ఉన్నదే.

అనుభవం గల కుటుంబాలు పాటించే పద్ధతిని వరుసగా ఇట్లా చెప్పవచ్చు. మొదట బూటుకు అంటిన బురదను, బొగ్గుపొడిని తడిగుడ్డతో తుడిచివేయాలి. మట్టి అంటి ఉన్నంతవరకు అది తడిని పట్టి ఉంచుతుంది. తరువాత తాళ్ళు పూర్తిగా సడలించి, నాలుకను ముందుకు లాగి, నోరు వీలైనంత వెడల్పు చేయాలి. లోపలి అట్టను ఊడదీయగలిగితే తీసి వేరుగా ఆరబెట్టాలి. పిమ్మట పాత వార్తాపత్రికలను ఉండలుగా చుట్టి కొసదాక కూరాలి. కాగితంలోని సన్నని నారలు నీటిని తమలోనికి లాగుకొంటాయి. దీపపు వత్తి నూనెను పీల్చే శక్తియే ఇది. కాని కాగితం నిండిన తరువాత ఇక పీల్చదు. అందుకే మొదటి రెండు మూడు గంటలలో కాగితాన్ని రెండు మూడు మార్లు మార్చాలి. ఒకసారి కూరి ఉదయందాక వదలివేయడం సామాన్యంగా జరిగే పొరపాటు. కాగితం కరువైన ఇంట్లో బాగా ఎండిన వరి ఊకను పలుచని గుడ్డసంచిలో పోసి వాడుకోవచ్చు.

కాగితం పని ముగిసిన పిదప గాలి పని ఆరంభమవుతుంది. బూట్లను నేలపై ఉంచక రెండు ఇటుకల మీద, అడుగున ఖాళీ ఉండేటట్లు ఒరగబెట్టాలి. నోరు పంకా వైపు ఉండాలి. రబ్బరు గంబూట్లయితే మరొక జాగ్రత్త అవసరం. రబ్బరు నీటిని పీల్చదు, ఆవిరిని బయటికి పోనీయదు. తడి అంతా లోపలి గుడ్డ అస్తరులోనే ఉంటుంది. ఆ బూటును ముందుగా బోర్లించి నీరు వార్చి, లోపల పొడిగుడ్డతో తుడిచి, ఆ తరువాత కర్రకు తగిలించి గాలి ఆడనీయాలి. నేలకు నోరు ఆనించి బోర్లిస్తే లోపలి ఆవిరికి దారి ఉండదు.

అన్నిటికంటె మేలైన ఉపాయం రెండు జతలను మార్చి మార్చి వాడడం. అప్పుడు ఒక్కొక్క జతకు ఆరడానికి పదహారు గంటలకు బదులు నలభై గంటలు లభిస్తాయి. రెండవ జతకు స్తోమత లేనప్పుడు కనీసం రెండు మూడు జతల మేజోళ్ళైనా ఉండాలి. తడి మేజోడును పొడి బూటులో తొడిగితే చేసిన శ్రమ అంతా వ్యర్థం.

త్వరగా ఆరాలనే ఆతురతలో పలువురు చేసే తప్పు బూట్లను పొయ్యి దగ్గర పెట్టడం. తోలు అనేది జంతుచర్మంలోని కొల్లాజెన్ అనే మాంసకృత్తు నారలతో అల్లుకొన్న పదార్థం. తడిగా ఉన్నప్పుడు తీవ్రమైన వేడి తగిలితే ఆ నారలు ముడుచుకొని బిగుసుకొంటాయి. తోలు గట్టిపడి పగులుతుంది. అట్టను, అడుగును కలిపే జిగురు మెత్తబడి ఊడిపోతుంది. పగిలిన బూటు మరునాడు మరింత నీటిని లోనికి రానిస్తుంది. చేతితో తాకి ఓర్చుకోగలిగినంత వెచ్చదనమే తోలుకు హద్దు. ఆరిన తరువాత పాలిష్ పట్టించడం వల్ల తోలు మెత్తదనం నిలుస్తుంది. రబ్బరుకు మాత్రం నూనె తగలనీయరాదు. ఎక్కువకాలం ఎండలో ఉంచినా రబ్బరు పెళుసెక్కి బీటలు వారుతుంది.

బూటు చెడిపోవడం చిన్న నష్టం. దానికంటె భయంకరమైన నష్టం మరొకటి ఉన్నది. చలికాలపు రాత్రి తలుపులు, కిటికీలు బిగించి, బొగ్గు కుంపటి రగిల్చి, దాని చుట్టూ బూట్లు, బట్టలు ఆరవేసి నిద్రించడం ప్రాణాంతకం. గాలి చాలని చోట బొగ్గు పూర్తిగా మండక కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువును వెలువరిస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్ ప్రాణవాయువుకంటె రెండు వందల రెట్లకు పైగా గట్టిగా దీనిని పట్టుకొంటుంది. తలనొప్పి, వికారం, మగత కలుగుతాయి. నిద్రలో ఉన్నవానికి ఆ హెచ్చరిక కూడ అందదు. గనులలో పేలుడు జరిగినప్పుడు, నిప్పు అంటుకొన్నప్పుడు కార్మికులను బలిగొనే వాయువులలో ఇది ప్రధానమైనది. దానిని ముందుగా పసిగట్టడానికే పూర్వం బ్రిటన్ గనులలోకి కెనరీ పక్షులను తీసుకొనిపోయేవారు. గనిలో ఏ వాయువుకు భయపడి పరికరాలతో కాపలా కాస్తారో, ఆ వాయువునే ఇంటిలోకి ఆహ్వానించి పడకగదిలో ఉంచుకోవడం కన్న అవివేకం లేదు. బూట్లు ఆరకపోయినా బ్రతుకు సాగుతుంది. తలుపు మూసిన గదిలో కుంపటి మాత్రం ఉండరాదు.

చేతి తొడుగుల సంగతి కొంత వేరు. నూలు తొడుగులను ఉతికి, పిండి, తిరగవేసి ఆరబెట్టవచ్చు. తోలు తొడుగులను మెలిపెట్టి పిండకూడదు. పొడిగుడ్డ నడుమ ఉంచి అదిమి, వేళ్ళలోనికి గాలి ఊది, సీసాకో కర్రకో తొడిగి నీడలో ఆరనీయాలి. సగం ఆరిన దశలో ఒకసారి చేతికి తొడిగి వేళ్ళు ఆడిస్తే ఆకారం చెడదు. విద్యుత్ పనివారు వాడే రబ్బరు తొడుగుల విషయంలో అలక్ష్యం అసలే కూడదు. లోపల చెమట, పైన నీరు ఉన్న తొడుగు రక్షణ ఇస్తుందన్న నమ్మకం ప్రాణాల మీదికి తెస్తుంది. వాటిని నీడలో పూర్తిగా ఆరబెట్టి, గాలి నింపి సన్నని చిల్లులు ఉన్నాయేమో పరీక్షించిన తరువాతనే ధరించాలి. చిల్లి పడిన తొడుగుకు అతుకు వేయడం పొదుపు కాదు.

ఇంతవరకు చెప్పినదంతా ఇంటి పని. ఈ పని ఇంటికే ఎందుకు రావాలన్న ప్రశ్న ఒక శతాబ్దం క్రితమే తలెత్తింది. జర్మనీ గనులలో కార్మికులకు ఎత్తైన పైకప్పు గల విశాలమైన గదులు కట్టించారు. కార్మికుడు తన తడిబట్టలను, బూట్లను ఒక కొక్కేనికి తగిలించి, గొలుసుతో పైకప్పు దాక లాగి తాళం వేసేవాడు. వెచ్చని గాలి పైకి పోతుంది కనుక అవి అక్కడే ఆరిపోయేవి. బ్రిటన్‌లో గని కార్మికులు మురికితో, తడితో ఇంటికి వస్తుండగా వారి భార్యలు నీళ్ళు కాచడం, బట్టలు ఉతకడం, ఆరవేయడంలో అహర్నిశలు నలిగిపోయేవారు. 1919లో సాంకీ కమిషన్ ఎదుట వేల్స్ దేశానికి చెందిన ఎలిజబెత్ ఆండ్రూస్, మరి ఇద్దరు గని కార్మికుల భార్యలతో కలసి ఈ దుస్థితిని వివరించి, గనుల వద్దనే స్నానశాలలు కావాలని వాదించింది. 1926 నాటి చట్టం ద్వారా వాటికి నిధులు సమకూడాయి. ఆ స్నానశాలలలో శుభ్రమైన బట్టలకు ఒక బీరువా, గని బట్టలకు వేరొక బీరువా ఉండేవి. గని బట్టలు మరుసటి షిఫ్టుకు ఆరేటట్లు ఆ బీరువాల గుండా వేడిగాలి ప్రసరించేది. మన దేశంలోనూ బొగ్గుగనుల వద్ద స్నానశాలలకు సంబంధించిన నియమాలు 1959లో వెలువడ్డాయి.

ఈ చరిత్ర ఒక విషయాన్ని స్పష్టం చేస్తుంది. తడి బూటు ఒక వ్యక్తి సమస్యగా కనిపించినా, దాని బరువును ఎవరు మోస్తున్నారన్నది సమాజం ఆలోచించవలసిన విషయం. బొగ్గు టన్నులలో కొలవబడుతుంది. విద్యుత్తు యూనిట్లలో కొలవబడుతుంది. బూటులో కాగితం మార్చడానికి నడిరాత్రి లేచిన తల్లి శ్రమకు ఏ కొలమానమూ లేదు. కాని ఆ శ్రమ లేనిదే మరునాటి షిఫ్టు నడవదు.

సాయంకాలం అవుతున్నది. ముసురు ఇంకా వెలియలేదు. కార్మికుడు నిద్ర లేచి బూటులోనికి చేయి పోనిచ్చి కొసదాక తడిమి చూస్తాడు. వేళ్ళ దగ్గర చల్లదనం లేదు. మరొకసారి తడిమి, మాట్లాడకుండా తల పంకిస్తాడు. తల్లి పొడి మేజోళ్ళను అందిస్తుంది. తడిసిన కాగితపు ఉండలు వరండా మూలన ఒక కుప్పగా పడి ఉంటాయి. అతడు వేళ్ళ సందులు తుడుచుకొని, మేజోళ్ళు తొడిగి, బూటు తాళ్ళు బిగించుకొని వానలోకి అడుగు పెడతాడు. కొంతసేపటికి ఆ బూట్లు మళ్ళీ తడుస్తాయి. అయినా పొడి పాదంతో పనికి బయలుదేరడం అతని హక్కు. ఆ హక్కును ఆ పూటకు ఆ ఇల్లు కాపాడింది.

కఠిన పదాలకు అర్థాలు

ముసురు = ఎడతెగక కురిసే సన్నని వాన
ఉపక్రమించు = మొదలుపెట్టు
ఔచిత్యం = తగిన తనం
అసువులు బాయు = ప్రాణాలు విడుచు
జలోపద్రవం = నీటివలన కలిగే ఆపద
పటుత్వం = గట్టిదనం
ఉపేక్షించు = పట్టించుకోకుండు
అస్తరు = లోపలి వైపు కుట్టిన గుడ్డ
ఆతురత = తొందర
మాంసకృత్తు = ప్రోటీన్
మగత = మత్తుతో కూడిన నిద్ర
అహర్నిశలు = పగలు, రాత్రి

అభ్యాసం

I. ఈ క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు వ్రాయండి.
1. వానాకాలంలో బూట్లు ఆరకపోవడానికి గల శాస్త్రీయ కారణాలను పాఠంలోని లెక్క ఆధారంగా వివరించండి.
2. తడి బూట్లను ఆరబెట్టే పద్ధతిని, అందులో పాటించవలసిన జాగ్రత్తలను తెలపండి.

II. ఈ క్రింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు వ్రాయండి.
1. "బూటు కూడ ఒక చిన్న బాయియే" అనడంలోని ఔచిత్యం ఏమిటి?
2. మూసిన గదిలో బొగ్గు కుంపటి ఉంచరాదనడానికి కారణమేమి?
3. గనుల వద్ద స్నానశాలల కోసం బ్రిటన్‌లో జరిగిన ప్రయత్నాన్ని తెలపండి.

III. ఈ క్రింది ప్రశ్నలకు ఏకవాక్య సమాధానాలు వ్రాయండి.
1. గోదావరిఖని ప్రాంతంలో గనిని జనులు ఏమని పిలుస్తారు?
2. ఒక గ్రాము నీరు సాధారణ ఉష్ణోగ్రత వద్ద ఆవిరి కావడానికి సుమారు ఎన్ని కేలరీల వేడి కావాలి?
3. లెప్టోస్పైరోసిస్ క్రిమిని గుర్తించిన శాస్త్రజ్ఞులెవరు?
4. తోలులోని మాంసకృత్తు పేరేమి?

IV. సంధులు
1. దేహారోగ్యం = దేహ + ఆరోగ్యం - సవర్ణదీర్ఘ సంధి
2. ప్రాణాపాయం = ప్రాణ + అపాయం - సవర్ణదీర్ఘ సంధి
3. జలోపద్రవం = జల + ఉపద్రవం - గుణ సంధి

V. సమాసాలు
1. భూగర్భం - భూమి యొక్క గర్భం - షష్ఠీ తత్పురుష సమాసం
2. ఎనిమిది గంటలు - ఎనిమిది సంఖ్య గల గంటలు - ద్విగు సమాసం
3. రాకపోకలు - రాకయు, పోకయు - ద్వంద్వ సమాసం

VI. చర్చించండి
మీ ఇంటిలో ప్రతిదినం జరుగుతూ, ఎవరి గమనానికీ రాని ఒక పనిని ఎన్నుకొని, దానిలో ఇమిడి ఉన్న శాస్త్రాన్ని, దానిని చేసేవారి శ్రమను గురించి పది వాక్యాలలో వ్రాయండి.